శాంపిల్ ఉందా సార్?

విడదీసి మళ్ళీ బిగించుకునేలా చేసిన సామాను చెడితే బాగుచేసుకోవడం తేలికని మనమంతా నమ్ముతాం. ముక్కలుగా వచ్చింది కదా, పాడైన ముక్క ఒక్కటీ తీసేసి దాని చోట కొత్తది పెట్టుకుంటే సరి అనుకుంటాం. మాడ్యులర్ అన్న మాట చెవిన పడగానే కొనేవాడికి ఏదో భరోసా కలుగుతుంది. అది బూటకపు భరోసా అని నేననను గానీ, సగం భరోసా. ఊడదీయడానికి అలెన్ కీ ఒక్కటుంటే చాలు. మళ్ళీ నిలబెట్టాలంటే మన దగ్గర లేని ముక్క ఇంకెవరి దగ్గరైనా ఉండాలి. ఉన్నా, అది మన బెజ్జంలో పట్టాలి. ఈ రెండో సంగతి బిల్లు కట్టేటప్పుడు ఎవరికీ తోచదు.

మా అమ్మాయి బెంగళూరు వదిలి పుణె వెళ్తూ తన పుస్తకాల బీరువాను హైదరాబాదులో మా మీదికి తోలేసింది. ప్యాకర్స్ వాళ్ళు దాన్ని విప్పి, పలకలన్నీ దొంతరగా పేర్చి, దుప్పటి చుట్టి పంపారు. మరల కవరు ఏ డబ్బాలో పడేశారో మాత్రం వాళ్ళకే తెలియదు. ఆశ వదులుకున్నాక అది కుక్కరులో దొరికింది. దొరికినవాటిలో కొన్ని విరిగాయి, కొన్ని తల అరిగాయి, కొన్ని అసలు ఆ బీరువావే కావు. ఈ రకం సామాను మొదటి ఇంట్లో బాగానే నిలబడుతుంది. దాని తడాఖా తేలేది రెండో ఇంట్లో.

విరిగింది పెద్ద వస్తువేం కాదు. పదిహేను మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న లోహపు బిళ్ళ. దాని కడుపులో ఒక వంపు గాడి. పక్క పలకలోంచి పొడుచుకొచ్చిన బోల్టు తల ఆ గాడిలోకి దూరుతుంది. స్క్రూడ్రైవరుతో బిళ్ళని అరచుట్టు తిప్పితే గాడి ఆ తలని పట్టి లోపలికి గుంజుతుంది, రెండు పలకలూ బిర్రుగా కలుస్తాయి. మన వడ్రంగులు దీన్ని మినీఫిక్స్ అంటారు. నిజానికి అది హెఫెలె అనే జర్మన్ కంపెనీ తన సరుకుకి పెట్టుకున్న పేరు. ఇప్పుడు ఎవరు చేసినా ఆ పేరే. జింకు మిశ్రమంతో పోత పోస్తారు కాబట్టి అతిగా బిగిస్తే వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఆరడుగుల బీరువా పక్కకి ఒరగకుండా నిటారుగా ఉందంటే అది ఇలాంటి ఓ గుప్పెడు బిళ్ళల చలవ.

అమ్మిన సంస్థకి ఫోన్ చేశాను. అవతల ఉన్న అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

“సార్, ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదు సార్. పాతది ఇచ్చేసి కొత్తది తీసుకునే ఆఫర్ ఉంది.”

“నాకు బీరువా వద్దమ్మా. ఉన్న బీరువాకి బిళ్ళలు కావాలి.”

“బిళ్ళలు విడిగా ఇవ్వం సార్. ఇంకేమైనా సహాయం చేయగలనా?”

అందరూ ఇలాగే ఉంటారని అనకూడదు. ఐకియా వాళ్ళు బొమ్మల కాగితంలో ప్రతి మర పక్కనా ఒక నంబరు అచ్చువేస్తారు. ఆ నంబరు చెప్తే చాలా దేశాల్లో చిన్న ముక్కల్ని డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. ఆ కాగితాన్ని ఎంతమంది దాచుకుంటారన్నది వేరే సంగతి. మన ఇళ్ళల్లో ప్రెషర్ కుక్కర్ గ్యారంటీ కార్డు దొరుకుతుంది, మనవడి టీకాల చీటీ దొరుకుతుంది, ఇది దొరకదు. పని అయిపోయిందనుకున్న రోజే అది చెత్తబుట్టలోకి పోతుంది.

“కొత్తది కొంటే పోయేదానికి ఎందుకు నాన్నా ఈ తిప్పలు?” అంది మా అమ్మాయి ఫోన్లో. లెక్క ప్రకారం తనే రైటు. నా ఒక్క పూట తిరుగుడు ఖర్చులో ఆ బిళ్ళలు బోలెడు వస్తాయి. కానీ గోరంత బిళ్ళ కోసం ఆరడుగుల బీరువాని పాత సామాన్లవాడికి వేయడం నాకు మింగుడు పడలేదు.

విప్పి బిగించే సామాను మనకి కొత్తేం కాదు. మా తాతగారి పందిరి మంచం మొత్తం ఊడివచ్చేది. ఇంటికి సున్నం వేసినప్పుడల్లా దాన్ని విప్పేవారు. నాలుగు కాళ్ళు, నాలుగు పట్టెలు, దోమతెర కట్టే నాలుగు గుంజలు, తలవైపు చెక్క. ప్రతి పట్టె కొనమీదా మా ఊరి వడ్రంగి ఆచారిగారు ఉలితో గీతలు పెట్టారు: ఒకదానికి ఒకటి, ఇంకోదానికి రెండు. అవే గీతలు కాళ్ళ బెజ్జాల పక్కనా ఉండేవి. ఒకటో గీత పట్టె ఒకటో గీత బెజ్జంలోకే దిగాలి. మరోదాంట్లో దూర్చబోతే సగంలో బిగుసుకుంటుంది, లేదా వదులుగా కదులుతుంది. ప్రతి జంటా దానికదే. ఆ మంచానికి స్పేర్ పార్టు అన్న ఊహే లేదు. కాలు పోతే ఆచారిగారు పాతకాలును ఎదురుగా పెట్టుకుని, తరిమెన పట్టి, కొత్తది తీసేవారు. ముక్క ఏ గోడౌన్‌లోనూ ఉండేది కాదు, ఆయన చేతుల్లోనే ఉండేది.

దీన్ని తలచుకుని ఆ రోజులే వేరని నిట్టూర్చే ఉద్దేశం నాకు లేదు. ఆచారిగారు వస్తానన్న రోజున వచ్చిన దాఖలా లేదు. పెళ్ళికని పురమాయించిన మంచం పురిటికి అందిన ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి. పైగా ఆయన పక్కూరికి వెళ్ళిపోతే మంచం దిక్కులేనిదవుతుంది.

ఏ కాలు ఏ కుర్చీకైనా సరిపోవాలనే పట్టుదలతో సామాను చేసి పేరు తెచ్చుకున్నవాడు మైకేల్ థోనెట్. ఆయన 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీలో, ఆవిరి పట్టి వంచిన బీచ్ కర్ర ముక్కలు ఆరు, మరలు పది, నట్లు రెండు. అంతే. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఆస్ట్రియా సామ్రాజ్యంలోని అడవుల దగ్గర తయారై, ఓడలెక్కి, వచ్చినచోట బిగింపు చేయించుకునేవి. 1930 నాటికి అయిదు కోట్లు అమ్ముడయ్యాయంటారు. ఆ కుర్చీ చుట్టాల్ని, కాపీల్ని మన ఇరానీ హోటళ్ళలో చూసే ఉంటారు: గుండ్రటి పీట, వీపు వెనక వంచిన కర్ర. దాని మరలన్నీ బయటికి కనిపిస్తాయి. వదులైతే ఏ వీధి మేస్త్రీ అయినా తన దగ్గరున్న మర వేసి బిగించగలడు. ఆ కుర్చీకి దీర్ఘాయువు కర్ర వల్ల ఎంత వచ్చిందో, దాపరికం లేని ఆ మరల వల్లా అంతే వచ్చిందని నా అనుమానం.

అయితే థోనెట్ కుర్చీని విడదీసింది మరమ్మతు చేసేవాడి మీద జాలితో కాదు, ఓడ కిరాయి తగ్గించడానికి. తరవాత కథా అదే. 1943లో స్వీడన్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు ఇంగ్వార్ కాంప్రాడ్ ఐకియా అనే వ్యాపారం మొదలుపెట్టాడు. 1950ల్లో ఆయన దగ్గర పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్‌కి ఒక బల్లని కారులో తీసుకెళ్ళాల్సి వచ్చింది. పట్టలేదు. కాళ్ళు ఊడదీస్తే పట్టింది. చదునైన అట్టపెట్టె సామాను పుట్టుక గురించి అందరూ చెప్పుకునే కథ ఇది. లారీలో ఎక్కువ పడుతుంది, గోడౌన్‌లో తక్కువ చోటు తింటుంది, బిగించే కూలి కొనేవాడి నెత్తిన పడుతుంది. ఇన్ని లాభాల మధ్య, పదేళ్ళ తరవాత బిళ్ళ విరిగితే ఏమిటన్నది ఎవరికీ ముఖ్యం కాలేదు. విడదీయడం రవాణా కోసం వచ్చింది. మరమ్మతు దానికి తోడుగా వస్తుందని మనమే ఊహించుకున్నాం.

మా బీరువా చూడ్డానికి, అపార్టుమెంటుకి పనులకి వచ్చే నల్లగొండ మేస్త్రీని పిలిచాను. ఆయన పక్క పలక అడుగుభాగాన్ని గోటితో గీకాడు. తడి గుడ్డతో నేల తుడిచి తుడిచి అక్కడ ఉబ్బిపోయింది.

“గిది చెక్క కాదు సార్, పొట్టు. దీనికి మర ఒక్కసారే పడ్తది. మల్ల ఇప్పిన్రంటే రెండోసారి పట్టుకోదు.”

జర్మనీలో 1930ల్లో మాక్స్ హిమ్మెల్‌హెబర్ లాంటివాళ్ళు రూపం ఇచ్చిన పార్టికల్ బోర్డు గురించి ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు. రంపపు మిల్లుల్లో వృథా పోయే చెక్క ముక్కల్ని పొట్టు చేసి, జిగురు కలిపి, వేడిగా అదిమితే వచ్చే పలక అది. టేకులో మర దిగితే పొడవాటి నారలు దాన్ని పట్టుకుంటాయి. పొట్టుకి నార లేదు. తీసినప్పుడల్లా కొంత పొడి మరతోపాటు బయటికి వస్తుంది. అందుకే ఈ సామానుకి బిళ్ళా బోల్టూ కావాల్సివచ్చాయి: విప్పి బిగించే పని లోహానికీ లోహానికీ మధ్య జరుగుతుంది, పొట్టు జోలికి పోదు. బోల్టు దిగిన బెజ్జమే వదులైతే మాత్రం మేస్త్రీల దగ్గర పాత మందుంది, అగ్గిపుల్లలూ ఫెవికాలూ. పుల్ల సన్నం, బెజ్జం లావు అయిందనుకుంటే దాన్ని ఎనిమిది మిల్లీమీటర్లకి పెద్దది చేసి, జిగురు పూసిన చెక్క డోవెల్ దిగగొట్టి, ఆరాక అందులో మళ్ళీ సన్న బెజ్జం వేస్తారు. రెండోదే గట్టిది. తొందరపడి మర్నాడు పొద్దుటిదాకా ఆగకపోతే అదీ దండగే.

ఇక బిళ్ళల కోసం సికిందరాబాదు రాణిగంజ్ బయల్దేరాను. నట్టూ బోల్టూ బేరింగూ తప్ప ఇంకో లోకం లేదన్నట్టుండే బజారు. ఫోన్లో ఫొటో చూపించబోయాను. కౌంటరు మీది పెద్దమనిషి దానివైపు చూడనైనా లేదు.

“శాంపిల్ ఉందా సార్?”

ఆ ప్రశ్నలో ఎంత అనుభవం ఉందో అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది. ఫొటోలో అన్నీ ఉంటాయి, కొలత తప్ప. అదృష్టం కొద్దీ విరిగిన బిళ్ళ జేబులో ఉంది. ఆయన దాన్ని వెర్నియర్ దవడల మధ్య పెట్టి, “పదిహేను. ఇది మామూలు మాలే. పలక మందం పదహారా, పద్దెనిమిదా?” అన్నాడు. ఎందుకని అడిగాను. బోల్టు పలక మందానికి సరిగ్గా నడిమధ్యలోంచి వస్తుంది. పదహారు మిల్లీమీటర్ల పలకలో నడిమధ్య ఎనిమిది, పద్దెనిమిదిలో తొమ్మిది. బిళ్ళ గాడి ఆ ఎత్తులో ఉండాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే బోల్టు తల గాడిలోకి పోదు, పోయినా పట్టు చిక్కదు. బోల్టు పొడవులోనూ రకాలున్నాయి: బిళ్ళ నడిమి నుంచి పలక అంచుకి కొన్నిటికి 24, కొన్నిటికి 34. నేను కొలిచి తీసుకెళ్ళలేదని వేరే చెప్పక్కర్లేదు. ఆయన రెండు రకాలూ పొట్లం కట్టాడు. “పనికిరానిది తెచ్చివ్వండి సార్” అన్నాడు. ఖరీదు చెప్తే మా అమ్మాయి నవ్వుతుంది.

ఎక్కడో బెంగళూరులో ఎవరో అమ్మిన, ఇప్పుడు తయారీ ఆగిపోయిన బీరువాకి, ఆ సంస్థ పేరే వినని మనిషి దగ్గర ముక్క ఎలా దొరికింది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన విషయం ఇదే. రెండో ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీలో ఇళ్ళూ సామానూ వేగంగా కావాల్సి వచ్చినప్పుడు, ఒకేసారి వరుసగా బెజ్జాలు వేసే యంత్రాలు వాడారు. వాటిలో బరమాలు పళ్ళచక్రాలతో ఒకదాన్నొకటి తిప్పుకుంటాయి. ఆ చక్రాలు అడ్డం కాబట్టి పక్కపక్క బరమాల్ని 32 మిల్లీమీటర్ల కంటే దగ్గరికి తేవడం కుదరలేదని చెప్తారు. అలా యంత్రానికి వచ్చిన ఇబ్బంది ప్రపంచానికి కొలత అయింది. బీరువా లోపలి పక్కన నిలువునా కనిపించే చిన్న బెజ్జాల వరుస చూడండి: ఒక్కోటి అయిదు మిల్లీమీటర్లు, ఒకదాని నుంచి ఇంకోదానికి 32, ముందు అంచు నుంచి 37. అరని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవడానికే అవి ఉన్నాయని అనుకుంటాం. కానీ తలుపు కీలు పలక మరలూ ఆ వరుసలోనే దిగుతాయి, సొరుగు ఛానల్ మరలూ అందులోనే.

మన వడ్రంగులు ఆటో హింజ్ అనే దాచిన కీలుదీ ఇదే తంతు. తలుపులో దాని గిన్నె కూర్చునే గుంట అడ్డకొలత 35 మిల్లీమీటర్లు. దాదాపు ఏ కంపెనీదైనా అంతే. అయితే పక్కనుండే రెండు మరల మధ్య దూరం దగ్గర కంపెనీలకి పౌరుషం వచ్చింది: బ్లూమ్ వాళ్ళది 45, హెట్టిక్ వాళ్ళది 52, గ్రాస్‌ది 42, సలీచెది 48. గుంట అందరిదీ, మరలు ఎవరివి వాళ్ళవి. అయినా ఇబ్బంది లేదు. పాత మర బెజ్జాలు వదిలేసి పక్కన కొత్తవి వేసుకోవచ్చు, గుంట మారితేనే తలుపు మార్చాలి. కలవాల్సిన చోట కలిసి, విడిపోయినా పరవాలేని చోట విడిపోయారన్నమాట. రాజకీయ కూటముల్లో కూడా ఇంత తెలివి కనపడదు.

ఒక ముక్కకి ఆయుష్షు పోసేది అది ఊడివస్తుందా రాదా అన్నది కాదు. దాని కొలతని ఇంకెవరైనా వాడుతున్నారా అన్నదే. మా బీరువాలో అదీ చూశాను, దాని తిరకాసూ చూశాను. కింద ఉన్న సొరుగుల్ని మూలల్లో కలిపే ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి ఉంది. వంపు తిరిగి, రెండు కొక్కేలతో, చూడ్డానికి భలే తెలివైన వస్తువు. ఆ సంస్థ సొంతంగా చేయించుకున్నది. రాణిగంజ్‌లో ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది వాళ్ళ దగ్గర తప్ప ఉండదు సార్” అన్నాడు. వాళ్ళ దగ్గర లేదని అప్పటికే తేలింది. కోఠీ దగ్గర ట్రూప్ బజార్‌లోనూ అదే మాట. మూడు డైమెన్షన్ల ప్రింటింగ్ చేసే కుర్రాళ్ళు చేసిపెడతామన్నారు గానీ, దానికీ ముందు ఎవరో ఆ వంపుల్నన్నిటినీ కొలిచి కంప్యూటర్‌లో గీయాలి. చివరికి మేస్త్రీ దాన్ని పీకి పారేసి, మూలలో చిన్న టేకు ముక్క జిగురుతో అంటించి, రెండు మరలు వేశాడు. ఆచారిగారి వైద్యమే. ఇక ఆ సొరుగు ఊడిరాదు, ఆ మాట ఆయన ముందే చెప్పాడు.

ఉబ్బిన పక్క పలక బదులు ప్లైవుడ్‌తో కొత్తది కోశాం. దానికి బెజ్జాల వరుస వేయాలి. మన వడ్రంగుల టేపు అంగుళాలది. అంగుళంలో ఎనిమిదో వంతుని సూత్ అంటారు. 32 మిల్లీమీటర్లంటే దాదాపు పది సూతులు. దాదాపే. పది సూతులు 31.75. తేడా పావు మిల్లీమీటరు, కంటికి ఆనదు. కానీ పదో బెజ్జం దగ్గరికి వెళ్ళేసరికి తొమ్మిది ఎడాల తేడా కూడి రెండుంపావు మిల్లీమీటర్లు అవుతుంది. ఎడమ పలక ఫ్యాక్టరీది, కుడి పలక టేపుది అయితే పై అర ఒక పక్కకి వాలుతుంది, గోళీ పెడితే దొర్లుతుంది. నేను ఈ లెక్కంతా కాగితం మీద వేసి మేస్త్రీకి చెప్పబోయాను. ఆయన అప్పటికే పాత పలకని కొత్తదాని మీద పెట్టి, రెంటికీ క్లాంపులు బిగించి, పాత బెజ్జాల్లోంచే బరమా దింపుతున్నాడు. టేపు జేబులోనే ఉంది. శాంపిల్ ఉందా అని రాణిగంజ్‌లో అడిగినదానికి ఇది ఇంకో జవాబు.

కొలత మార్చడం తయారీదారు చేతిలో ఉన్న అధికారం. మార్చకపోవడం కూడా అధికారమే, అది గొప్ప పెద్దరికం. ఐకియా 2014లో ఎక్స్‌పెడిట్ అనే గళ్ళ బీరువాని ఆపేసి కలాక్స్ తెస్తున్నామనగానే జర్మనీలో దాని అభిమానులు ఫేస్‌బుక్‌లో ఉద్యమం లేవదీశారు. వాళ్ళలో గ్రామఫోను రికార్డులు పోగేసేవాళ్ళు చాలామంది. పన్నెండంగుళాల రికార్డు ఆ గడిలో చక్కగా నిలబడుతుంది. చూస్తే కొత్తదానిలో బయటి చట్రం మందమే తగ్గింది, లోపలి గడి కొలత మారలేదు. పాత సొరుగులూ డబ్బాలూ కొత్తదాంట్లోనూ పట్టాయి. గొడవ చల్లారింది. వంటింటి విషయంలో అంత సులువుగా జరగలేదు. అదే సమయంలో యూరప్‌లో ఫాక్టుమ్ అనే వంటింటి అరల వరుసని ఆపేసి మెటోడ్ అనేది తెచ్చారు. పాతదాంట్లో కింది బీరువా ఎత్తు 70 సెంటీమీటర్లు, కొత్తదాంట్లో 80. పాత తలుపు పాడైనవాడికి కొత్త తలుపు పట్టదు. ఆ పాత కొలతలకి తలుపులు చేసి అమ్మడమే కొందరికి వ్యాపారమైంది. లక్షల ఇళ్ళల్లో ఆ కొలత ఉండిపోయింది కాబట్టి అది కుదిరింది. వందల ఇళ్ళల్లోనే ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు.

దీనికి పూర్తిగా ఎదురు దారి విట్సో అనే కంపెనీది. డీటర్ రామ్స్ గీసిన 606 అనే గోడ అరల్ని 1960 నుంచి చేస్తున్నారు. ఇవాళ కొన్న అర అరవై ఏళ్ళ కిందటి పట్టీకి తగులుకుంటుంది. ధర చూస్తే మాత్రం అరవై ఏళ్ళూ మనమే ముందు కట్టేస్తున్నామా అనిపిస్తుంది. మధ్యతరగతివాడికి ఇంత నిలకడని అంత ఖరీదు లేకుండా ఇచ్చింది ఏ కంపెనీ ఆదర్శమూ కాదు, ఎవరి సొత్తూ కాని ఆ 32 మిల్లీమీటర్లే.

టెక్సస్‌లో ఎంఎస్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు ఒకరోజు వీడియో కాల్ చేశాడు. అక్కడ మన పిల్లలు సెమిస్టర్ చివర గది ఖాళీ చేస్తూ సామాను తరవాతి బ్యాచ్‌కి వదిలేస్తారు. అలా వీడికి ఒక బల్ల సంక్రమించింది, కాలి బోల్టు ఒకటి లేకుండా.

“పెదనాన్నా, పావు అంగుళం బోల్టు తెచ్చాను. అచ్చం అలాగే ఉంది. కొంచెం ఎక్కి ఆగిపోతోంది.”

ఎక్కదు. బల్లది ఎం6, అంటే ఆరు మిల్లీమీటర్ల లావు, చుట్టు చుట్టుకీ ఒక మిల్లీమీటరు ఎడం. అమెరికా షాపులో ముందుగా చేతికొచ్చే పావు అంగుళం బోల్టు 6.35 మిల్లీమీటర్లు, అంగుళానికి ఇరవై చుట్లు. పక్కపక్కన పెట్టి చూస్తే కవలలే. బలవంతం చేస్తే లోపలి నట్టు పాడవుతుంది. “మెట్రిక్ సొరుగు ఎక్కడుందో అడుగు నాన్నా” అన్నాను. మనవాళ్ళకి ఈ తంటా లేదనుకోకండి. మెట్రిక్ చట్టం మనకి 1956లోనే వచ్చింది. అయినా జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1841లో ప్రతిపాదించిన పావు అంగుళం మర రాణిగంజ్‌లో ఇవాళ్టికీ డబ్బాల కొద్దీ దొరుకుతుంది. వాడేవాళ్ళున్నారు కాబట్టి ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి ఏమైనా ఆసరా ఉందా అని చూశాను. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పేరుతో పోర్టల్ తెరిచింది. అందులో సేద్యపు పరికరాలు, ఫోన్లూ ఎలక్ట్రానిక్సూ, ఇంటి ఉపకరణాలు, వాహనాలు అని నాలుగు తరగతులు పెట్టారు. బీరువాలకీ బల్లలకీ అంటూ వేరే తరగతి లేదు. ఫ్రిజ్ చెడితే పాలు విరుగుతాయి, ట్రాక్టరు ఆగితే పంట ఆగుతుంది. అర ఒరిగితే పుస్తకాలు ఒక పక్కకి జారతాయి, అంతే కదా అనుకుని ఉంటారు. నన్నడిగితే కంపెనీల మీద బరువైన షరతులు కూడా అక్కర్లేదు. విడిభాగాలు పదేళ్ళు గోడౌన్‌లో ఉంచమనడం కంటే, వస్తువుని ఆపేసిన రోజున దాని ముక్కల కొలతల కాగితం బయట పెట్టమంటే చాలు. ఆ క్లిప్పు గీత ఒక్కటి దొరికుంటే ప్రింటింగ్ కుర్రాళ్ళు సాయంత్రానికి చేసిచ్చేవారు, మా సొరుగు ఇంకా ఊడివచ్చేది.

బీరువా నిలబడింది. ఒక పక్క పలక ప్లైవుడ్‌ది, రంగు కాస్త తేడా. మా ఆవిడ ఆ పక్కని గోడవైపు తిప్పించింది. మేస్త్రీ మిగిలిన బిళ్ళల్నీ బోల్టుల్నీ చిన్న కవరులో వేసి, వెనక పలకకి టేపుతో అంటించాడు. పక్కన పెన్సిల్‌తో “16, 34” అని రాశాడు. నాకు తెలిసి ఏ బొమ్మల కాగితం కన్నా అది పనికొచ్చే సమాచారం.

ఈ సంగతి మా అపార్టుమెంటులో ఎలా పాకిందో, కింది ఫ్లోరు వాళ్ళబ్బాయి నిన్న తలుపు తట్టాడు. వాళ్ళ కంప్యూటర్ బల్ల ఊగుతోందట, బిళ్ళలు విరిగాయట, నా దగ్గర బిళ్ళలున్నాయని విన్నాడట. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. విరిగిన బిళ్ళ తెమ్మన్నాను. పలక మందం పదహారా, పద్దెనిమిదా అని కూడా అడిగాను.

“మందమా అంకుల్?” అన్నాడు.

వెర్నియర్ ఇచ్చి పంపాను.